కూత లేని ఆట

నాది ఎడమ కార్నరు.
కూతకెళ్ళీవోడికి పేరుంటాది, మైకులో అరుపుంటాది.
కార్నరోడికి ఏటుంటాది?
వంగిన నడుము, చాపిన చెయ్యి,
ఎదటోడి మడమ మీద కన్ను.

నెల్లిమర్ల కాడ జూట్ మిల్లు టీముతో మొదలెట్టినాను.
పగలు నార మొయ్యడం, సాయంత్రం మట్టిలో దొర్లడం,
రెండు పూటల మెస్సు.
పదకొండో నెల్లో గేటుకి తాళం పడింది.
బనీను మటుకు తిరిగిమ్మన్నారు.
ఉతికి, మడతెట్టి ఇచ్చీసినాను.

తర్వాత సాలూరు లారీ ఓనర్లు.
మ్యాచికింతని డబ్బు, ఘాటీలో ఎక్కడికెళ్ళినా లారీ ఉచితం.
ఓపాలి ఉల్లిబస్తాల మీద రాత్రంతా పడుకొని వెళ్ళి
దిగిన గంటలో ఇద్దర్ని పట్టినాను.
మూడోవోడు నా ఒంటి వాసనకే
ఇటేపు రాలేదు.

ఆ పైన ఊళ్ళన్నీ కలిసిపోయాయి.
రాజాం, పలాస, ఖరగ్‌పూర్, భిలాయ్.
గెస్టు ప్లేయరంటారు, మర్యాదకి.
చుట్టమూ కాడు, ఇంటివోడూ కాడు,
విస్తరి తీసేదాకే వరస.
గెలిస్తే ఫొటోలో చివర నిలబెడతారు.
కొన్నిట్లో నా భుజం ఒక్కటే పడింది.

ప్రైజులా? మూడు టేబుల్ ఫ్యాన్లు, ఒక స్టీలు బిందె,
ఒక మేకపోతు.
దాన్ని బస్సెక్కనివ్వలేదని
పార్వతీపురం నుంచి బొబ్బిలి దాకా
ఇద్దరం నడిచినాం.
దార్లో దానికి పేరెట్టినాను, అదే తప్పయిపోయింది.
ముసలిదై చచ్చిపోయింది మా పెరట్లోనే.

ఒక్కసారి పెద్ద వేలంలోకి నా పేరెళ్ళింది.
అందరూ కాఫీలకి లేస్తన్నప్పుడు
ఎవుడో చెయ్యెత్తినాడు.
తవిటినాయుడు
బనీను మీద ఇంగ్లీషులో ఒక అక్షరం తగ్గినాడు.
సీజనంతా బెంచీ.
టీవీలో కనపడింది ఏడు నిమిషాలు,
అందులో రెండు, బూటు లేసు కట్టుకోడం.
సూరీడమ్మ వీధందర్నీ పిలిచి టీలెట్టింది.
గ్లాసులు కడిగే వేళకి
నాను మళ్ళీ బెంచీ మీదున్నాను.

పదహారేళ్ళు. నా నోట ఒక్క కూత లేదు.
అర్ధరాత్రి ప్లాట్‌ఫారం మీద
సంచీ తలకింద పెట్టుకుంటే
నా బదులు రైలే కూతేసీది.

ఇప్పుడు మోకాలు మెట్లు దిగనివ్వదు.
కుడి చెవి అణిగిపోయి జీడిపిక్కలాగుంది.
మొహాలు గుర్తుండవు నాకు.
మడమలు గుర్తుంటాయి.

మొన్న విజీనారం కాంప్లెక్సులో సాలూరు బస్సెక్కినాను.
ఎవలో టోర్నమెంటంట, గీత దగ్గర నిలబడి చెయ్యెత్తాలి,
నాలుగొందలిస్తారంట.
కండక్టరొస్తన్నాడు సీటు సీటూ పట్టుకొని,
ఎడమ పాదం కొంచెం ఆలస్యంగా వస్తంది.
చెప్పు మీద ఆ మడమ.
పైన కుట్లు, జెర్రిలాగ.

చీపురుపల్లి ఫైనలు. ఆఖరి నిమిషం.
గీతకి బెత్తెడు దూరంలో ఆడి వేళ్ళు.
అప్పటికే నాలుగు పాయింట్లు మీదున్నాం.
వదిలీవచ్చు.
వదల్లేదు నాను.
ఎండు తాటిమట్ట విరిగినట్టు చప్పుడైంది,
జనం ఈలలేసినారు,
చెప్పినదానికంటే ఐదొందలెక్కువిచ్చినారు నాకు.

"ఎక్కడికి?" అన్నాడు.
ఎనకనుంచి పట్టినోడి మొహం
ఎవుడికి తెలుస్తాది?
"రామభద్రపురం."
చిల్లర లేదు. టికెట్టు ఎనకాల
ఐదు వేసి చుట్టూ సున్నా చుట్టి
"దిగినప్పుడు అడుగు, బావూ" అన్నాడు.

గజపతినగరం దాటింది. మానాపురం దాటింది.
ఊపిరి బిగబట్టి కూకున్నాను,
మొదటిసారి కూతకెళ్తున్నోడిలాగ.
ఆడు రెండుసార్లు నా సీటు దాటి ఎళ్ళినాడు.

రామభద్రపురమొచ్చింది.
ముందు తలుపులోంచి దిగిపోయినాను.

టికెట్టు చొక్కా జేబులోనే ఉంది.
ఉతుక్కి వెయ్యొద్దని
సూరీడమ్మకి చెప్పాల.